పేరెత్తితే పూచీ పడ్డట్టే

పుదుచ్చేరి,
2024 డిసెంబర్ 12.

చిరంజీవి అమ్మలుకి తాతయ్య ప్రభువు నామంలో దీవించి రాయునది.

నువ్వు చెన్నై చేరి పరీక్షలకి కూర్చున్నావని మీ అమ్మ చెప్పింది. నీ ఉత్తరం సోమవారం అందింది. ఫోన్‌లో అడిగితే తాతయ్య నాలుగు మంచిమాటలు చెప్పి ఊరుకోబెడతాడని కాగితం మీద రాశానన్నావు. మంచి పని చేశావు. నేనూ కాగితం మీదే జవాబు చెబుతాను.

నువ్వడిగింది ఇదీ: "ఆ శనివారం రాత్రి మనం ప్రార్థించాం. కృష్ణానగర్‌లో వాళ్లూ ప్రార్థించే ఉంటారు. మన వీధి ఎండిపోయి ఉంది, వాళ్ల ఇళ్లలో మనిషి లోతు నీళ్లు. మర్నాడు ఎవరో ఫోన్‌లో, ప్రార్థించాం, మా వీధిని ప్రభువు కాపాడాడు, స్తోత్రం అని పెట్టారు. చదివి సిగ్గేసింది తాతయ్యా. అయితే ప్రార్థన ఎందుకు?"

ఆ సిగ్గు దేవుడిచ్చిందే అమ్మలూ. దాన్ని పోగొట్టుకోకు.

ముందు నీళ్ల సంగతి చెబుతాను. ఉద్యోగమంతా కాలవల మీద, రోడ్ల మీద లెవెల్ మిషను మోసుకు తిరిగినవాణ్ణి. నవంబర్ 30 రాత్రి ఫెంగల్ తుపాను మన ఊరి దగ్గర తీరం దాటి, కదలకుండా ఇక్కడే కూర్చుంది. ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. మన వీధి మెరక, కృష్ణానగర్ పల్లం. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని మన పెద్దలు ఊరికే అనలేదు. ఆ రాత్రి నీళ్లు ఎవరి విశ్వాసాన్నీ కొలవలేదు, నేల వాలునే చూసుకుని వెళ్లాయి. మెరక మీద ఇల్లున్నవాడు దాన్ని దేవుడి మెచ్చుకోలు అనుకుంటే తప్పు. అది పల్లంలో ఉన్నవాళ్లకి మనం పడ్డ బాకీ. ఆ బాకీని సాక్ష్యం కింద చదివేసరికి నీకు సిగ్గేసింది. నాకూ వేసింది.

ఇక ప్రార్థన సంగతి. ఆ రాత్రి కరెంటు పోయాక ముందుగదిలో కొవ్వొత్తి పెట్టుకుని ఆరు కుటుంబాలం కూర్చున్నాం. అందరూ కళ్లు మూసుకోబోతుంటే నేను నా నోటుపుస్తకం తీశాను, గుర్తుందా? "పల్లంలో మీకు తెలిసినవాళ్లు ఎవరున్నారో ఒక్కొక్కరి పేరూ చెప్పండి" అన్నాను. మీ అమ్మమ్మ తన దగ్గర కుట్టుపని నేర్చుకున్న పిల్ల పేరు చెప్పింది. పక్కింటాయన ఆటో స్టాండులో తోటి డ్రైవరు పేరు చెప్పాడు. నువ్వు చాలాసేపు ఆలోచించి, మన వీధిలోకి పూలు తెచ్చే మామ్మగారు కృష్ణానగర్‌లోనే ఉంటుందన్నావు. మొత్తం పదిహేడు పేర్లయ్యాయి. ఒక్కో పేరు మీద ఒక్కొక్కరు ప్రార్థించారు. ఎవరు ఏ పేరెత్తారో పక్కన రాసుకున్నాను.

తెల్లారితే ఆదివారం, డిసెంబర్ 1. క్రిస్మస్ ముందు ఆగమన కాలం మొదలయ్యే ఆదివారం. మందిరానికి వెళ్లే దారి లేదు. పడవలేసుకుని సైన్యం వచ్చి కృష్ణానగర్ నుంచి జనాన్ని బయటికి తెస్తోందని తెలిసింది. ఎవరూ ఎవరికీ పురమాయించలేదు. మామ్మగారి పేరెత్తిన నువ్వు నీళ్ల అంచుదాకా వెళ్లి, వచ్చినవాళ్లందరినీ ఆమె గురించి అడుగుతూ రెండు గంటలు నిలబడ్డావు. పక్కింటాయన తన తోటివాడి పిల్లల్ని ఆటోలో తెచ్చి మన మేడ మీద పడుకోబెట్టాడు. మీ అమ్మమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. పదిహేడు పేర్లలో పదకొండు కుటుంబాలు సాయంత్రానికి మనకి దొరికాయి. మిగిలినవాళ్ల కబురు బుధవారానికి గానీ తెలియలేదు.

ఇది చదివి నువ్వేమంటావో నాకు తెలుసు. "అయితే పని చేసింది మనమే కదా, ప్రార్థన కాదు కదా?" అంటావు. ఆ రాత్రి పేర్లు ఎత్తకపోతే పొద్దున మనం ఎక్కడికి వెళ్లేవాళ్లం? మన చుట్టాల దగ్గరికి వెళ్లేవాళ్లం. పూలమ్మే మామ్మగారు ఎవరికి గుర్తొచ్చేది? చేతులకి తెలిసినవాళ్లే కనిపిస్తారు. దేవుడి ముందు కూర్చుని ఆలోచించినప్పుడే మనం మరిచిపోయిన మనుషులు పైకి వస్తారు.

నా ఉద్యోగంలో ఒక మాట ఉండేది, పూచీ. కాంట్రాక్టరు పని తీసుకుంటే పూచీకత్తు రాయాలి. పని చెడితే జవాబు చెప్పాల్సింది అతనే. ఇతరుల కోసం చేసే విజ్ఞాపన ప్రార్థన కూడా అంతేనని నా నమ్మకం. ఎవరి పేరు దేవుడి ముందు ఎత్తామో వాళ్లకి మనం పూచీ పడ్డట్టే. ఆమెన్ అన్నామంటే సంతకం పెట్టామన్నమాట.

ఈ సంగతి నాకు నేర్పింది పాస్టరుగారు కాదు. మన సంఘంలో లేని ఒక మనిషి. 1996 నవంబర్ 6 రాత్రి నేను యానాంలో ఉన్నాను. కాకినాడకి దిగువన తీరం దాటిన ఆ తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు. సముద్రం మీదికి వేటకి వెళ్లి తిరిగి రానివాళ్లు వాళ్లలో ఎందరో. మా ప్రార్థన మందిరానికి గట్టి శ్లాబు ఉండేది, ఆ రాత్రి వీధి వీధంతా అందులోనే తలదాచుకుంది. గంగమ్మకి మొక్కే ఒక బెస్త ఆవిడ నా దగ్గరికొచ్చి, "అయ్యా, మీరు ప్రార్థన చేస్తారంట గదా, మా ఆయన వేటకెళ్లాడు, పేరు చెప్పి చెయ్యండి" అంది. పేరు చెప్పి చేశాను. ఆ ఒక్క పేరూ ఎత్తినందుకు పొద్దున్నే ఆవిడని దాటుకుని ఇంటికి వెళ్లలేకపోయాను. ఆవిడతో గోదావరి గట్టుకి వెళ్లాను. కాకినాడ ఆసుపత్రికి వెళ్లాను. తొమ్మిది రోజులు తిరిగాం. మనిషి రాలేదు, శవమూ దొరకలేదు. శవం దొరకనివాడు చనిపోయాడని కాగితం ఎవరిస్తారు? ఆ కాగితం కోసం ఆవిడతో ఏడాదిన్నర ఆఫీసులు తిరిగాను.

సాయం డబ్బు చేతికొచ్చిన రోజు ఆవిడ నాతో అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "దేవుడు మా ఆయన్నివ్వలేదు. కానీ ఆ రాత్రి నువ్వు పేరెత్తావు గదా, అందుకే నన్ను వదల్లేదు. అది నాకు తెలుసు." ఆమె నాకు కృతజ్ఞత చెప్పలేదు తల్లీ. ప్రార్థన అంటే ఏమిటో అర్థం చెప్పింది.

అడిగింది దొరకని ప్రార్థన వట్టిపోయిందని అప్పట్లో నేనూ బాధపడ్డాను. తర్వాత తెలిసింది, మనుషులు చెయ్యగలిగింది అయిపోయాక కూడా ఒక మనిషిని వదలకుండా ఉండటానికి మనకున్న దారి ప్రార్థనే. తొమ్మిదో రోజు రాత్రి ఆవిడతో గట్టు మీద కూర్చున్నప్పుడు నా చేతుల్లో చెయ్యడానికి ఏ పనీ లేదు. అతని పేరు మాత్రం ఉంది. దేవుడు విన్నాడనే నేను నమ్ముతున్నాను. ఆయన వినడమంటే మనం కోరింది కోరినట్టు ఇవ్వడమేనని మాత్రం ఇప్పుడు అనుకోవడం లేదు.

మన తెలుగు సంఘాల చరిత్రలో దీనికో పెద్ద ఉదాహరణ ఉంది. ఒంగోలు వెళ్లినప్పుడు నీకు ప్రార్థన కొండ చూపించాను. 1854 జనవరి 1న తెల్లవారకముందే ఐదుగురు ఆ కొండెక్కారు. అమెరికా నుంచి వచ్చిన లైమన్ జూయెట్, ఆయన భార్య యుఫీమియా, మనవాళ్లు నర్సు, జూలియా, రూతు. నెల్లూరులో ఉన్న వాళ్ల మిషన్‌ని మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు అప్పటికే తర్జనభర్జన పడుతున్నారు. చేతిలో ఏమీ లేని ఆ ఐదుగురూ కొండ మీద మోకాళ్లూని, కింద కనిపిస్తున్న ఊరి పేరెత్తి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని అడిగారు. ఆ మనిషి, జాన్ క్లౌ దొర, ఒంగోలు చేరింది 1866లో. పన్నెండేళ్లు పట్టింది.

ఇంతవరకూ ఆదివారం బడిలో నువ్వు విన్నదే. దాని తర్వాతి కథ ఎక్కువమంది చెప్పరు. 1876లో ధాత కరువు మొదలైంది. రెండేళ్లు దక్షిణ దేశమంతా మలమల మాడింది. దేశం మొత్తం మీద యాభై లక్షలమందికి పైగా చనిపోయారని లెక్కలు చెబుతాయి. ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పల్లెలు ఖాళీ అయిపోతున్నాయి. క్లౌ దొర కూడిక పెట్టి ప్రార్థించి ఊరుకోలేదు. కుర్రతనంలో సర్వే పని చేసిన అనుభవం ఉంది ఆయనకి. కరువు పనుల కింద ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్లు తనే కాంట్రాక్టుకి తీసుకున్నాడు. వేలమంది వచ్చి తవ్వారు. సువార్త చెప్పే బోధకులే పనికి మేస్త్రీలయ్యారు. కూలి సరిగ్గా ముట్టేది, కొరడా ఉండేది కాదు. పూచీకత్తు మీద సంతకం పెట్టిన ప్రార్థన అది, అమ్మలూ. కాంట్రాక్టుల లెక్కలు చూసిన నాలాంటివాడికి ఆ సంతకం బరువెంతో తెలుసు.

ఇంకో మాట. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం గుంపులుగా వచ్చినా ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారా, దేవుడి కోసం వస్తున్నారా అన్న అనుమానం ఎవరికీ రాకూడదని ఆపేశాడు. సాయం పంచడం ముగిసిన తర్వాతే, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ అంకె మన మందిరాల్లో గొప్పగా చెబుతారు. దానికి ముందు నెలల తరబడి ఆయన కాదన్న సంగతి నాకు అంతకన్నా గొప్పగా కనిపిస్తుంది. ఆకలితో ఉన్నవాడి దగ్గర మన మతం పేరు మీద ఏమీ వసూలు చెయ్యకూడదు. మన మేడ మీద పడుకున్న పిల్లలకి అన్నం పెట్టేటప్పుడు నువ్వు పాట పాడదామా అని అడిగితే వద్దన్నది అందుకే. వాళ్లు వాళ్ల దేవుణ్ణి తలుచుకుని తిన్నారు. మనం మన దేవుణ్ణి తలుచుకుని వడ్డించాం.

ఆ బకింగ్‌హామ్ కాలవ కాకినాడ దగ్గర నుంచి తీరం వెంట దిగి, చెన్నై దాటి, మనకి ఉత్తరాన మరక్కాణం ఉప్పు మళ్ల దగ్గర ముగుస్తుంది. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు ఆంధ్ర తీరంలో పొంగొచ్చిన సముద్రపు నీళ్లలో చాలా భాగాన్ని ఈ కాలవ తనలోకి తీసుకుని, ఊళ్ల మీదికి పోయే వేగాన్ని తగ్గించిందని తర్వాత పరిశీలించిన శాస్త్రవేత్తలు చెప్పారు. ధాత కరువులో తవ్విన మట్టి, నూట పాతికేళ్ల తర్వాత ఇంకెవరి పిల్లల్నో కాచింది. కారైకాల్‌లో అలాంటి అడ్డేమీ లేక ఎంతమందిని పోగొట్టుకున్నామో తలుచుకుంటే ఇప్పటికీ గుండె చెరువవుతుంది. మనం చేసిన ప్రార్థన ఎప్పుడు, ఎవరి గుమ్మంలో జవాబుగా నిలబడుతుందో మన లెక్కకి అందదు. తవ్వడం వరకే మన వంతు.

ఇక నీకు చెప్పక తప్పని కష్టమైన సంగతి ఒకటుంది. మనం ఎవరి పేర్లు ఎత్తమో దానిలోనే మన పాపం ఉంటుంది.

మిషన్ వీధిలో సాంబా కోవిల్ అంటారే, ఆ పెద్ద గుడి. సెయింట్ పాల్ అన్న పేరే జనం నోట సాంబా అయింది. ఇప్పుడు కనిపిస్తున్న కట్టడం 1791 నాటిది, దానికి ముందున్న గుడిని 1761లో ఇంగ్లీషువాళ్లు కూల్చారు. ఆ పాత గుడిలో ఒక గోడ ఉండేది. అంటరానివాళ్లనిపించుకున్న క్రైస్తవులు గోడకి ఒక పక్క, పై కులాల క్రైస్తవులూ ఐరోపావాళ్లూ రెండో పక్క. ఒకే బలిపీఠం, ఒకే ప్రార్థన, మధ్యన గోడ. కారైకాల్ గుడిలో అలాంటి గోడని తీసేశారని విని ఇక్కడి అంటరానివాళ్ల వాడ, పరచేరి జనం పాదిరీ దగ్గరికి వెళ్లి నిలదీశారని, ఆయన గోడ తీయించాడని, పై కులాలవాళ్లు గొడవ చేశారని ఆనందరంగ పిళ్లై 1745లో తన దినచర్యలో రాసుకున్నాడు. దేవుణ్ణి తండ్రీ అని పిలిచిన జనమే వెళ్లి గోడ తియ్యమన్నారు. ఆ రెండూ వేర్వేరు పనులని వాళ్లనుకోలేదు.

మనవాళ్లలో గోడల్లేవా? నా చిన్నప్పుడు మా ఊళ్లో రెండు మందిరాలు ఉండేవి. మాల పల్లెలో మాది, మాదిగ పల్లెలో వాళ్లది. ఒక గాలివానకి వాళ్ల మందిరం కప్పు ఎగిరిపోయింది. ఆ ఆదివారం మా నాన్న సంఘ పెద్దగా లేచి వాళ్ల కోసం ఎంతో చక్కగా ప్రార్థించాడు. కానీ మా మందిరంలోకి వచ్చి ఆరాధించుకోమని ఒక్కరూ పిలవలేదు. వాళ్లు నెల రోజులు వేపచెట్టు కింద కూడుకున్నారు. నాకప్పుడు పదిహేనేళ్లు. తప్పని తెలుసు, నోరు మెదపలేదు. మా నాన్న మంచివాడే, ఆ ప్రార్థనలో కపటమూ లేదు. ఆయన వాళ్లందరినీ కలిపి 'ఆ పల్లెవాళ్లు' అన్నాడు, ఒక్క పేరు కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే పూచీ పడాల్సి వచ్చేది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నువ్వు పోయిన ఆగస్టులో చెన్నైలో నీ స్నేహితులతో కలిసి నిరసనలో నిలబడ్డావని విన్నాను. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డ్ కులం గుర్తింపు లేదు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఆ తలుపు తెరిచారు. మనకీ ముస్లిములకీ ఇంకా తెరవలేదు. ఏటా ఆగస్టు 10న మనవాళ్లు చీకటి దినం పాటిస్తున్నారు. రోడ్డు మీద నిలబడటం ప్రార్థనకి తక్కువని ఎవరైనా అంటే నమ్మకు. విజ్ఞాపన అన్న మాట మందిరంలోనూ కలెక్టరాఫీసులోనూ ఒకటే. కానీ బయటి గోడ తియ్యమని అడిగే నోటికి బలం రావాలంటే లోపలి గోడ ముందు పడాలి. నువ్వు వెళ్లే యౌవనస్థుల కూడికలో ఏ పల్లె పిల్లలు రావడం లేదో చూడు. వాళ్లని పేరుపేరునా పిలు. అప్పుడు మీరు ఆగస్టులో ఎత్తే గొంతు ఇంకోలా ఉంటుంది.

యెరూషలేము గోడ కట్టిన నెహెమ్యా కథ నీకు తెలుసు. శత్రువులు దాడికి కుట్ర పన్నితే గోడ కట్టేవాళ్లు దేవుడికి మొరపెట్టారు, రాత్రింబగళ్లు కాపలానీ పెట్టారు. మొరపెట్టినవాళ్లకి కాపలా ఎందుకని ఎవరూ అడగలేదు. మనమే ఈ రెంటినీ విడదీసి, ఒకటి భక్తి అనీ, ఒకటి లోకం అనీ పేర్లు పెట్టుకున్నాం.

అందుకని నీకు చెప్పేది ఒక్కటే. ఒక నోటుపుస్తకం కొనుక్కో. ఎడమ పేజీలో పేరు రాయి. 'వరద బాధితులు' అని రాయకు, మనిషి పేరు రాయి. కుడి పేజీ ఖాళీగా ఉంచు. ఆ పేరెత్తి ప్రార్థించాక నువ్వు చేసింది ఏదైనా కుడి పక్కన రాసుకో. చెయ్యడానికి ఏమీ లేకపోతే వెళ్లి పక్కన కూర్చున్నాననైనా రాసుకో. కొన్ని కుడి పేజీలు ఏళ్ల తరబడి ఖాళీగానే ఉంటాయి. నా పుస్తకాల్లోనూ ఉన్నాయి. వాటిని చింపెయ్యకు, ఆ పేర్లు మళ్లీ ఎత్తు.

ఫోన్‌లో స్తోత్రం అని పెట్టినావిడ మీద కోపం ఉంచుకోకు. ఆవిడ భయంతో రాత్రంతా మేలుకున్న మనిషి. వచ్చే ఆదివారం ఆవిడని కృష్ణానగర్ తీసుకెళదామనుకుంటున్నాను. బురద ఎత్తాల్సిన ఇళ్లు ఇంకా ఉన్నాయి.

క్రిస్మస్ సెలవులకి వచ్చేటప్పుడు ఆ పుస్తకం తెచ్చుకో. ఇద్దరం బస్సెక్కి మరక్కాణం వెళ్లి కాలవ చివర చూసొద్దాం. మొదటి పేజీలో ఎవరి పేరు రాయాలా అని ఆలోచించకు, పూల మామ్మగారి పేరు రాయి. నిన్న వెళ్లి చూశాను. ఆవిడ పరుపు ఇంకా ఆరలేదు.

నీ తాతయ్య